హారికకు, కొత్త మానిటర్ గురించి

విజయవాడ

చిరంజీవి హారికకు,

మానిటర్ వచ్చిందనీ, డబ్బా ఇంకా విప్పలేదనీ మీ అమ్మ చెప్పింది. మంచి పని చేశావు. ఫోన్లో చెబితే సగం "ఊఁ" అంటావు, మిగతా సగం మరిచిపోతావు, అందుకని కాగితం మీద పెడుతున్నాను. ఇంట్లో కూచుని ప్రూఫులు దిద్దే పని పెట్టుకున్నావు. ఇకమీదట మీ అమ్మ మొహం కన్నా ఎక్కువసేపు నువ్వు చూసేది దాన్నే.

పర్యావరణ ముద్రలున్నది ఏరి మరీ కొన్నావట. సంతోషం. అయితే ఒకటి తెలుసుకో. ఆ ముద్ర పడింది ఆ మోడల్‌ని తయారుచేసిన తీరుకి, ఫ్యాక్టరీలో పెట్టి పంపిన సెట్టింగులకి. నీ బల్ల మీదికొచ్చాక అది ఎంత కరెంటు తాగుతుంది, ఎన్నేళ్ళు మన్నుతుంది అన్నది నీ చేతిలో పని. చాలామంది ముద్ర చూసి కొంటారు, మొదటి గంటలోనే అన్నీ మార్చేస్తారు, ఆ తర్వాత ముద్ర డబ్బాకే మిగులుతుంది.

ఈ ముద్రలు ఎక్కడినుంచి వచ్చాయో నీకు చెప్పాలి. నేను గాంధీనగర్‌లో డీటీపీ చేసే రోజుల్లో బల్ల మీద ఉన్నవన్నీ పిక్చర్ ట్యూబు మానిటర్లే. ఎండాకాలం మధ్యాహ్నం దాని వెనక చెయ్యి పెడితే వేడి కొట్టేది. కొన్నిటికి ముందువైపు మూల మీద "టీసీఓ" అని చిన్న స్టిక్కరు ఉండేది. అదేదో కంపెనీ పేరనుకునేవాళ్ళు మా వాళ్ళు. నిజానికి అది స్వీడన్‌లో ఉద్యోగ సంఘాల సమాఖ్య పేరు. రోజంతా స్క్రీన్ ముందు కూచునే గుమస్తాలు వాటినుంచి వచ్చే విద్యుత్, అయస్కాంత క్షేత్రాల గురించి గొడవ పెడితే, 1992లో ఆ సంఘం తానే కొలతలు పెట్టి, వాటికి నిలబడిన మానిటర్లకు ముద్ర వేయడం మొదలుపెట్టింది. పని లేనప్పుడు స్క్రీన్ దానంతటదే కరెంటు తగ్గించుకోవాలన్న షరతూ అప్పుడే పెట్టారు. 1995లో సీసం, పాదరసం లాంటి విషపదార్థాల సంగతి చేర్చారు. ఇప్పుడు ఫ్యాక్టరీలో పనివాళ్ళ స్థితిగతులు కూడా చూస్తున్నారు. అమెరికా ప్రభుత్వం ఎనర్జీ స్టార్ అనే ముద్ర మొదలుపెట్టిందీ అదే 1992లో, మొట్టమొదట కంప్యూటర్లకూ మానిటర్లకూ. ఈపీట్ అన్న ముద్ర 2006లో వచ్చింది, అందులో కాంస్యం, వెండి, బంగారం అని మూడు మెట్లు. ఒక కార్మిక సంఘం పట్టుబడితే ప్రపంచంలో కంపెనీలు దారికొచ్చాయంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

డబ్బా విప్పగానే వెనక స్టిక్కరు మీది మోడల్ నంబరు చివరి అక్షరం దాకా రాసుకో. ఒకే పేరుతో నాలుగు రకాలు అమ్ముతారు, ముద్ర ఒకదానికే ఉండొచ్చు. ఈ మూడు ముద్రలకీ ఇంటర్నెట్లో జాబితాలున్నాయి, నంబరు కొడితే తెలిసిపోతుంది. ఈపీట్ అయితే ఏ దేశంలో నమోదైందో కూడా చూడు. "ఫ్లికర్ ఫ్రీ", "లో బ్లూ లైట్" అని రాసినవి కళ్ళకి సంబంధించినవి, పర్యావరణంతో వాటికి చుట్టరికం లేదు. అవీ ఉంటే మంచిదే, కలిపి లెక్కపెట్టకు.

బిగించేటప్పుడు స్క్రీన్ మధ్యలో వేళ్ళు ఆనించకు, అంచులు పట్టుకో. మంచం మీద మెత్తటి దుప్పటి పరిచి, బోర్లా పడుకోబెట్టి స్టాండు బిగించు. డబ్బా, థర్మోకోల్ ఓ నెల రోజులు అటక మీద ఉంచు. తిరిగి పంపాల్సొస్తే అవి లేకుండా పంపడం నరకం.

కిటికీకి ఎదురుగా పెట్టొద్దు, కిటికీ నీ వీపు వెనక ఉండేలాగానూ పెట్టొద్దు. వెలుతురు పక్కనుంచి రావాలి. చెయ్యి చాపితే వేలికొసలు స్క్రీన్‌కి తగిలేంత దూరం. పై అంచు నీ కళ్ళకి సమానంగానో, కాస్త కిందికో ఉండాలి. స్టాండు పైకి లేవకపోతే కింద ఏ పాత పుస్తకాలో పెట్టు. శబ్దరత్నాకరం నిఘంటువు మాత్రం పెట్టకు, రోజుకి పదిసార్లు లాగాల్సొస్తుంది. మీ అమ్మ ఎప్పుడైనా కూచుంటే ఆవిడది బైఫోకల్ అద్దం కాబట్టి ఇంకాస్త దించాలి, లేకపోతే మెడ ఎత్తి ఎత్తి చూస్తుంది.

ఇక అసలు విషయం, వెలుగు. ఆన్ చేయగానే మెనూలో స్టాండర్డ్, ఎకో, వివిడ్, గేమ్, మూవీ అని వరసగా కనిపిస్తాయి. వివిడ్ పెడితే రంగులు పెళ్ళిపందిరిలా మెరుస్తాయి, చేతులు అటే పోతాయి. కరెంటు లెక్క కట్టి ఎనర్జీ స్టార్ ఇచ్చింది ఫ్యాక్టరీ పంపిన మోడ్‌కి. నువ్వు మార్చిన క్షణం ఆ లెక్క నీకు వర్తించదు. కొన్ని మానిటర్లు "ఇలా మారిస్తే విద్యుత్ ఖర్చు పెరగొచ్చు" అని చిన్న మాట కూడా చూపిస్తాయి. దాన్ని చదవకుండా ఓకే నొక్కేసేవాళ్ళే ఎక్కువ.

నేను చెప్పే పద్ధతి ఇది. పగలు మామూలుగా పని చేసుకునే వెలుతురులో, తెల్ల కాగితం ఒకటి స్క్రీన్ పక్కన పట్టుకో. స్క్రీన్ మీద ఖాళీ పేజీ తెరువు. కాగితం కన్నా స్క్రీన్ దీపంలా వెలిగిపోతుంటే బ్రైట్‌నెస్ తగ్గించుకుంటూ రా. స్క్రీన్ బూడిదరంగులో కనిపిస్తే పెంచు. రెండూ ఒకే తెలుపుగా అనిపించిన చోట ఆపు. సాధారణంగా అది వందలో ముప్ఫైకీ యాభైకీ మధ్య ఎక్కడో వస్తుంది. రాత్రి ట్యూబులైటు కింద మళ్ళీ చూసుకో, అప్పుడు ఇంకా తక్కువ చాలు.

నీ కేబుల్ ఏదో నాకు తెలియదు గానీ, పాత కంప్యూటరుతో వచ్చిన నీలం రంగు వీజీఏ కేబుల్ మాత్రం తగిలించకు. హెచ్‌డీఎంఐ గానీ డిస్‌ప్లేపోర్ట్ గానీ పెట్టు. రిజల్యూషన్ 1920 బై 1080 దగ్గరే ఉంచు. అక్షరాలు చిన్నగా ఉన్నాయని రిజల్యూషన్ తగ్గిస్తే అన్నీ అలుక్కుపోతాయి. స్కేలింగ్ 125 శాతం పెట్టుకో, విండోస్‌లో క్లియర్‌టైప్ సరిచేసుకో. అప్పుడొక పేజీ తెరిచి "థ"నీ "ధ"నీ పక్కపక్కన చూడు. లోపలి చుక్క వెతక్కుండా కనిపించాలి. "ఘ"కీ "ఫు"కీ తేడా తల ముందుకి వంచకుండా తెలియాలి. ఇంగ్లీషు వాళ్ళకి ఏ స్క్రీనైనా గడిచిపోతుంది, ఒత్తు కింద ఒత్తు ఉన్న మనకి గడవదు. అక్షరం సరిగా కనపడనివాళ్ళే బ్రైట్‌నెస్ వందకి తోస్తారు. అక్షరం తేటగా ఉంటే వెలుగు అంత అక్కర్లేదు. కళ్ళూ కరెంటూ రెండూ ఇక్కడే మిగులుతాయి.

లెక్క కావాలంటావు, నాకు తెలుసు. ఆ పాత 17 అంగుళాల పిక్చర్ ట్యూబుది 75 వాట్లు అనుకుందాం. రోజుకి 8 గంటలు, ఏడాదికి 300 రోజులు నడిపితే 180 యూనిట్లు. నీ 24 అంగుళాలది సరిగ్గా పెట్టుకుంటే 20 వాట్ల చుట్టుపక్కల ఉంటుంది, అంటే 48 యూనిట్లు. వెలుగు పెంచి 30 వాట్లకి తీసుకెళ్తే 72. తేడా గొప్పగా లేదంటావేమో. లేదు నిజమే. మానిటర్ దగ్గర పది వాట్లు మిగిల్చి, ఎవరూ లేని గదిలో 75 వాట్ల ఫ్యాన్ తిరగనిస్తే నేను చెప్పిందంతా దండగే. అది మీ నాన్నకి వినిపించు.

స్టాండ్‌బైలో ఉన్నప్పుడు అర వాటు లోపే తీసుకుంటుంది. ఏడాది పొడవునా కలిపినా నాలుగున్నర యూనిట్లు దాటదు. దానికోసం రోజూ వంగి ప్లగ్గు పీకక్కర్లేదు. రాత్రి పని అయ్యాక బోర్డు దగ్గర స్విచ్ తీసెయ్యమనేది వేరే కారణానికి. మన వైపు ఉరుములు, వోల్టేజీ ఎగుడుదిగుళ్ళు తెలిసినవే. పవర్ బోర్డు పోయిందంటే మానిటర్ మొత్తం మూలకి చేరుతుంది. కొత్తది చేయడానికి అయ్యే లోహం, ప్లాస్టిక్, కరెంటు ముందు నువ్వు మిగిల్చిన యూనిట్లు ఏపాటివి? ఎంత ఎక్కువ ఏళ్ళు వాడితే అంత పర్యావరణం. అందుకే యూపీఎస్‌కి తగిలించు, డబ్బులు దాని మీద పెట్టు.

స్క్రీన్ ఆగిపోయే సమయం ఐదు నిమిషాలని అందరూ చెబుతారు. నువ్వు పక్కన కాగితం ప్రూఫు పెట్టుకుని చదువుతావు, ఐదు నిమిషాలకోసారి నల్లబడితే విసుగొచ్చి అసలు సెట్టింగే తీసేస్తావు. పది పెట్టుకో. స్క్రీన్ సేవర్ పెట్టి కరెంటు ఆదా అనుకోకు, చేపలు ఈదుతున్నంతసేపూ వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది. డార్క్ మోడ్ కూడా అంతే. ఓఎల్ఈడీ స్క్రీనుకి పని చేస్తుంది గానీ నీలాంటి మామూలు ఎల్‌సీడీకి వెనక లైటు తగ్గదు. కళ్ళకి హాయిగా ఉంటే వాడుకో, పుణ్యం లెక్కలో రాసుకోకు.

స్క్రీన్ చూసేటప్పుడు మనం రెప్పలు వేయడం తగ్గిపోతుంది, మంట పుట్టేది అందుకే. ఇరవై నిమిషాలకోసారి తలెత్తి ఎదురింటి కొబ్బరిచెట్టు వైపు కాసేపు చూడు. దుమ్ము తుడవాలంటే స్విచ్ ఆపి, మెత్తటి గుడ్డ కాస్త తడిపి తుడువు. అద్దాలు తుడిచే నీలం ద్రవం స్ప్రే చేశావో, పైపూత పోతుంది.

చివరగా మీ ఇంట్లో ఉన్న ఆ పాత ఎల్‌సీడీ. దాన్ని పాత సామాన్లవాడికి వేస్తానని మీ నాన్న అన్నాడట. ఎల్ఈడీలకి ముందు వచ్చిన రకమైతే లోపల సన్నటి ట్యూబులైట్లు ఉంటాయి, వాటిలో పాదరసం ఉంటుంది. సామాన్లవాడు రాగి కోసం వైర్లు కాలుస్తాడు, మిగతాది కాలవలో పారేస్తాడు. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఈ-వ్యర్థాల నియమాలు అమల్లో ఉన్నాయి, పాత సరుకు రీసైకిల్ అయ్యేలా చూసే బాధ్యత తయారీదార్లది. కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి తీసుకెళ్ళమని అడగాలి, లేదంటే అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. ఇంకా వెలుగుతుంటే మాత్రం ఎవరికీ ఇవ్వకు. నాకు పంపు. ఇక్కడ మన వీధి లైబ్రరీలో పిల్లలకి స్క్రీన్ లేక కంప్యూటర్ ఊరికే పడి ఉంది. మీ నాన్న వచ్చే వారం బెజవాడ వస్తాడుగా, దుప్పట్లో చుట్టి కారు వెనక సీట్లో పెట్టమను, డిక్కీలో వద్దు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ