‘క్లోస్’ అంటే ఎంత దగ్గర?

ఇంగ్లండ్‌లో అద్దె ఇల్లు వెతికేటప్పుడు చిరునామా చివర ‘క్లోస్’ అని తరచూ కనిపిస్తుంది. తలుపు మూయమనే మాటకూ దీనికీ స్పెల్లింగ్ ఒకటే, పలకడం వేరు. ఈ ‘స’ కాస్త గట్టిగా పలకాలి, లేకపోతే టాక్సీవాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతారు. సాధారణంగా అది అవతలివైపు దారి లేని చిన్న వీధి. చిన్నపిల్లలున్నవాళ్లు ముందు అలాంటి వీధుల్లోనే చూసుకోమంటాను, దూసుకుపోయే బండ్లుండవు. వీధి చివర బండ్లు తిప్పుకునే చోట మాత్రం కారు పెట్టకండి.

స్కాట్లండ్‌లో దీని సంగతి వేరు. ఎడిన్‌బరో రాయల్ మైల్ నుంచి పక్కలకు దిగే ఇరుకు సందులు క్లోస్‌లు. గ్లాస్గో పాత టెనెమెంట్లలో అయితే అందరూ వాడుకునే నడవా, మెట్లు కలిపి క్లోస్. ‘ఈ వారం క్లోస్ మీది’ అని పక్కింటివాళ్లు అంటే మెట్లు కడిగే వంతు మీదని.

గాలాడని జూలై మధ్యాహ్నం పక్కింటి పెద్దావిడ ‘క్లోస్‌గా ఉంది’ అంటే ఉక్కగా ఉందని. ఔనండీ అనండి, మాట కలుస్తుంది.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది ‘క్లోస్ రిలేటివ్’ దగ్గర. నాన్న పెదనాన్న కొడుకు మనకు సొంత బాబాయే. ఆయనింట్లో పిల్లాణ్ణి రెండు నెలలు ఉంచడానికి ఎవరినీ అడగం. ఇంగ్లండ్ చట్టం అలా చూడదు. తాతలు, అమ్మమ్మ, నానమ్మ, తోబుట్టువులు, తల్లిదండ్రుల తోడబుట్టినవాళ్లు, వాళ్ల భార్యలు, భర్తలు, మారుతండ్రి, మారుతల్లి: లెక్క అక్కడితో సరి. వీళ్లు కానివాళ్ల ఇంట్లో 16 ఏళ్లలోపు బిడ్డ 28 రోజులు, అంతకుమించి ఉండేలా తల్లిదండ్రులు ఏర్పాటు చేస్తే దాన్ని ‘ప్రైవేట్ ఫోస్టరింగ్’ అంటారు. కనీసం 6 వారాల ముందు కౌన్సిల్‌కు చెప్పాలి. అప్పటికప్పుడు కుదిరిన ఏర్పాటైతే వెంటనే చెప్పాలి. సోషల్ వర్కర్ ఇంటికొచ్చి బిడ్డ పడుకునే గది చూస్తారు, బిడ్డతో మాట్లాడతారు. భయపడకండి, వాళ్లు వచ్చేది బిడ్డ బాగోగులు చూడటానికి.

ఆ బాబాయిని కౌన్సిల్‌వాళ్లకు ‘అంకుల్’ అని చెబితే నాన్న తమ్ముడనుకుంటారు. ‘మా నాన్న కజిన్’ అని చెప్పండి.