రాతి మీద లేని పేరు

చిరంజీవి అబ్బాయికి,


మీ నాన్న సంవత్సరీకానికి నువ్వు వేయించబోయే ఫ్లెక్సీ నమూనా ఫోనులో చూశాను. మధ్యలో నాన్న, వెనక నిప్పులు కక్కుతున్న ట్యాంకు, కింద ఎర్రక్షరాలతో ‘యుద్ధవీరుడు’ అని. నీ ప్రేమ నాకు తెలుసు. కానీ ఆ ట్యాంకు తీసేయించరా. మీ నాన్న ఏనాడూ ట్యాంకు ఎక్కి పోరాడలేదు. ట్యాంకులకు దారి చేసిన మనిషి.

ఆయన మద్రాస్ శాపర్స్‌లో జవాను. 1780లో మొదలైన దళం అది, కేంద్రం బెంగళూరు. అందులో చేరితే తెలుగువాడైనా సరే సైన్యానికి ‘తంబి’యే. 1971 డిసెంబరు 3న పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. ఆ రాత్రే మన విశాఖ తీరంలో వాళ్ల ఘాజీ జలాంతర్గామి మునిగింది. ఆ రోజుల్లో మేమంతా సముద్రం వైపు చూసి భయపడుతుంటే, మీ నాన్న ఎక్కడో పడమటి సరిహద్దున శకర్‌గఢ్ పొలాల్లో మందుపాతరలు వెతుకుతున్నాడు.

డిసెంబరు 15 రాత్రి బసంతర్ నది దగ్గర పని చాలా కష్టమైంది. కాల్బలం నది దాటింది. వెనక ట్యాంకులు రావాలంటే మధ్యలోని మందుపాతరల మీదుగా దారి తియ్యాలి. పైన ఫిరంగులు కాలుస్తుంటే కింద మీ నాన్న ఉన్న తొమ్మిదో ఇంజనీర్ రెజిమెంటు పని చేసింది. దారి పూర్తి కాకముందే పూనా హార్స్ దళం ట్యాంకులు దాటేశాయి. మర్నాడు ఆ దళంలోని ఇరవై ఒక్కేళ్ల అరుణ్ ఖేతర్‌పాల్ అక్కడే పోరాడి చనిపోయి పరమవీర చక్ర పొందాడు. ఆ పేరు అందరికీ తెలుసు. అదే యుద్ధంలో మందుపాతరలు తీయిస్తూ ఫిరంగి దెబ్బకు పోయిన మేజర్ విజయ్ రత్తన్ చౌధరికి మహావీర చక్ర వచ్చింది. ఆ పేరు కొద్దిమందికే తెలుసు. మీ నాన్న ఆయన రెజిమెంటు మనిషే.

నాన్న ఇదంతా ఎప్పుడూ కథలా చెప్పలేదు. ఒకసారి వేరుశనగ తవ్వుతూ నేను గునపం నిలువుగా దించుతుంటే చెయ్యి పట్టుకున్నాడు. “ఏటవాలుగా గుచ్చరా. పైనుంచి పొడిస్తే పేలుద్ది, పక్కనుంచి తాకితే పలుకుద్ది” అన్నాడు. అని తనే నవ్వుకున్నాడు. కాయలకోసం తవ్వుతున్నామని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. నాకు దొరికిన యుద్ధం అంతే. నీ పిల్లలకు అది చెప్పు. ‘తాతయ్య ఎంతమందిని చంపాడు?’ అని వాళ్లు అడిగితే, లెక్క కల్పించకు. ఆయన చెప్పని చోట నువ్వూ ఖాళీ వదిలెయ్యి. ఎవరో వాట్సాప్‌లో పంపిన వీరగాథకి మీ నాన్న పేరు తగిలించకు.

ఇంకో మాట. యుద్ధం ఆగాక సిమ్లా ఒప్పందం ప్రకారం గెలిచిన ఆ శకర్‌గఢ్ భూమిని తిరిగి ఇచ్చేశారు. రచ్చబండ దగ్గర ఎవరో “అంత కష్టపడి తీసుకున్నది ఇచ్చేశారేంటి?” అని ఎత్తిపొడిస్తే, మీ నాన్న “మంచిదేగా, ఎవరో ఒకరు దున్నుకుంటారు” అన్నాడు. మందుపాతరలు ఏరిన మనిషి మాట అది. నీ ఫ్లెక్సీ మీద పట్టదు గానీ, ఇంట్లో నిలిచి ఉండాలి.

ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం చూసొచ్చానన్నావు. 2019లో తెరిచిన ఆ కట్టడంలో గోడలనిండా పాతికవేలకు పైగా పేర్లు. అక్కడ నాన్న పేరు వెతికావని వదిన చెప్పింది. ఉండదురా. ఆ రాళ్లు ప్రాణాలిచ్చినవాళ్లవి. ప్రాణంతో తిరిగొచ్చినవాళ్లకి రాయి లేదు. వాళ్లని గుర్తుంచుకోవాల్సింది ఇల్లే. అందుకే ఈ ఉత్తరం.

అటక మీది ఇనప్పెట్టె దించు. అడుగున డిశ్చార్జి పుస్తకం, పెన్షను కాగితం ఉంటాయి. వాటిలో ఉన్న సైనిక నంబరు ముందు రాసుకో. రికార్డుల ఆఫీసుకి గానీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి గానీ వెళితే మొదట అడిగేది ఆ నంబరే. పతకాల్లో పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ ఉంటాయి. తిప్పి చూడు, నంబరూ పేరూ చెక్కి ఉంటాయి. మెరవాలని చింతపండు పెట్టి తోమకు, ఆ అక్షరాలు అరిగిపోతాయి. మసిపట్టినా పేరు మిగలనీ.

ఉత్తరాల కట్ట వదిన దగ్గర ఉంది. ఊరి పేరుండదు, పైన ‘56 ఎ.పి.ఓ.’ అని మాత్రం ఉంటుంది. తారీఖుల వరసన పేర్చు. తర్వాత ఆమె పక్కన కూర్చో. అప్పటికామెకు పెళ్లై ఏడాది. “ఉత్తరం వస్తే, అది రాసిన రోజుకి బతికున్నారని మాత్రం తెలిసేది. ఇవాళ్టి సంగతి ఎవరు చెప్తారు?” అని ఒకసారి నాతో అంది. ఆ డిసెంబరు మన ఇంట్లో ఎలా గడిచిందో నువ్వెప్పుడూ అడగలేదు. నాన్న యుద్ధం సగం సరిహద్దులో జరిగితే, మిగతా సగం ఈ వసారాలో జరిగింది. ఆమెకిప్పుడు డెబ్బై దాటాయి. అడగాల్సినవి ఈ సంక్రాంతికే అడుగు.

నాన్నతో పనిచేసినవాళ్లలో ఎవరైనా ఉంటే ఫోను చెయ్యి. వాళ్లూ డెబ్బై దాటినవాళ్లే. ‘ధైర్యంగా పోరాడారా?’ అని అడగకు, మొహమాటపడతారు. ‘అక్కడ ఏం తిన్నారు, చలికి ఏం కప్పుకున్నారు, నాన్నని ఏమని పిలిచేవాళ్లు?’ అని అడుగు. మిగతాది వాళ్లే చెప్తారు.

ఫ్లెక్సీ వద్దనను. నాన్న ఫొటో పెట్టు. కింద పేరు, సైనిక నంబరు, ‘మద్రాస్ శాపర్స్, 1971’ అని రాయించు. విశేషణం వద్దు, ఆయనకి నచ్చదు. సంవత్సరీకానికి వచ్చేటప్పుడు ఒక లావుపాటి నోటుపుస్తకం పట్టుకురా. మొదటి పేజీలో నాన్న నంబరు నువ్వు రాయి, రెండో పేజీ నేను మొదలుపెడతాను.

మీ బాబాయి