వయ్యారిభామ – వేరుశనగకు వైరి

తొలకరి వానలు పడిన నెలన్నర దినములకు కర్నూలు, కడప ప్రాంతముల బీళ్ళలోను, బాటల ప్రక్కలను తెల్లని చిన్న పూలతో ఒక మొక్క విరివిగా కానవచ్చును. తెలుగువారు దీనిని వయ్యారిభామ యని పిలిచిరి. ఆకులు గాజర ఆకులను పోలియుండుటచే ఉర్దూ మాట్లాడువారు గాజర్ ఘాస్ అందురు. దీని శాస్త్రీయ నామము పార్థీనియం హిస్టెరోఫోరస్. ఇది పొద్దుతిరుగుడు కుటుంబమునకు చెందినది.

ఈ మొక్క జన్మస్థానము ఉష్ణమండల అమెరికా. 1956లో పూణె ప్రాంతమున దీని ఉనికి శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినది. దిగుమతియైన గోధుమలతో వచ్చినదని పలువురి అభిప్రాయము. స్వస్థలమున దీనిని తిని అదుపునందుంచు కీటకములు కలవు. ఇది వచ్చినపుడు ఇచ్చట అట్టివి లేవు. ఒక్క మొక్క పదివేలకు పైగా విత్తనములను రాల్చును. పశువులు దీనిని సాధారణముగా ముట్టవు. దీని స్పర్శ వలన చర్మవ్యాధియు, పుప్పొడి వలన ఉబ్బసమును కలుగవచ్చును.

అయితే మన సీమకు దీనివలన కలిగిన పెద్ద నష్టము వేరొకటి. కర్నూలు రైతులు బుడ్డలనియు, కడప రైతులు చెనక్కాయలనియు పిలుచు వేరుశనగయే మన మెట్ట సేద్యమునకు ఆధారము. 2000 సంవత్సరమున పొరుగున గల అనంతపురం జిల్లాలో ఈ పైరుకు కాండముకుళ్ళు తెగులు సోకి, సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లలో వ్యాపించెను. నష్టము 300 కోట్ల రూపాయలకు మించినదని అంచనా వేసిరి. ఈ తెగులునకు కారణము టొబాకో స్ట్రీక్ వైరస్.

ఈ వైరస్ వయ్యారిభామలో ఉన్నను ఆ మొక్క ఆరోగ్యముగానే కనుపించును. దాని పుప్పొడి గాలికిని, తామర పురుగుల ఒంటికి అంటుకొనియు వేరుశనగ ఆకులపై చేరును. ఆ పురుగులు ఆకును గీకినపుడు ఏర్పడు గాయముల ద్వారా వైరస్ లోనికి ప్రవేశించును. కావున చేనులో ఎండిన మొక్కలను పెరికినంత మాత్రమున ప్రయోజనము లేదు. రోగమునకు మూలము గట్టు మీద పూచుచున్నది.

1984లో మెక్సికో నుండి తెచ్చిన జైగోగ్రామా పెంకుపురుగును బెంగుళూరులో విడిచిరి. అది వర్షాకాలమున ఆకులను తినును. ఎండకాలమున నేలలో నిద్రించును. మన పొడి నేలలలో దానిపైననే ఆధారపడుట తగదు. చేని చుట్టును నాలుగు సాళ్ళ జొన్న గాని సజ్జ గాని విత్తిన పుప్పొడికిని, పురుగులకును కొంత అడ్డు ఏర్పడును. అన్నిటికంటె ముఖ్యము, పూతకు రాకముందే, చేతికి తొడుగు ధరించి, వేళ్ళతో పెరికివేయుట.

రైతు తన గట్టును శుభ్రపరచినను బాట ప్రక్క పూచిన మొక్క అతని శ్రమను వ్యర్థము చేయును. అందుచే ఇది అందరి పని. విద్యార్థులు ప్రతి వర్షాకాలమున కళాశాల ఆవరణ నుండియే దీనిని ఆరంభించుటకు పాలకవర్గము తోడ్పడిన, అది సమీప గ్రామములకు ఆదర్శము కాగలదు.