కొత్తిమీర పూత నేర్పే పాఠం

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంలో ప్రారంభమైంది. శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడింది. ఉన్నత విజ్ఞానం మన దేశభాషలో అందాలన్నది దాని ఉద్దేశ్యం. ఆ ప్రాంగణం పక్కనే ఉన్న తార్నాకలో మిద్దె మీది కుండీ కూడా మనకొక పాఠశాలే. మన ఇళ్ళలో కొత్మీర్ అని పిలుచుకునే కొత్తిమీరతో ఆ పాఠం మొదలుపెడదాం.

క్యారెట్, కొత్తిమీర, జీలకర్ర, సోంపు, వాము, షాజీరా ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. వాటి బంధుత్వాన్ని తెలిపేది పూత.

పూత ఎలా వస్తుంది?

ఎండలు ముదిరితే కొత్తిమీర కాడ పైకి సాగుతుంది, పై ఆకులు దారాల్లా సన్నబడతాయి. ఇక పనికిరాదని చాలామంది పీకేస్తారు. కాస్త ఓపిక పట్టి చూడండి. కాడ చివర ఒకే చోటి నుండి కొన్ని పుల్లలు గొడుగు కమ్మీల్లా విచ్చుకుంటాయి. ప్రతి పుల్ల చివర మరో చిన్న గొడుగు, దానిలో చిన్న చిన్న పువ్వులు. అంచున ఉన్నవి ముందు విచ్చుకుంటాయి, లోపలివి తర్వాత. అంచు పువ్వులకు బయటివైపు రేకులు పెద్దవిగా ఉంటాయి.

ఒక్కో పువ్వుకు ఐదు రేకులు, ఐదు కేసరాలు. ముందుగా కేసరాలు పుప్పొడి రాలుస్తాయి. ఆ తర్వాతే రెండు కీలాలు ఎదిగి పుప్పొడిని అందుకోవడానికి సిద్ధమవుతాయి. అందువల్ల తేనెటీగలు, ఈగలు ఒక పువ్వు నుండి మరొక పువ్వుకు పుప్పొడి చేర్చాలి. రేకుల కింద ఉండే అండాశయంలో రెండు గదులు, గదికొక విత్తనం. అంటే మనం గింజ అనుకునే ధనియం నిజానికి రెండు బద్దల కాయ! విత్తే ముందు ధనియాలను నలిపి బద్దలు చేయమని పెద్దలు చెప్పేది ఇందుకే.

ఈ జ్ఞానం ఎందుకు?

సహీహ్ బుఖారీలో ప్రస్తావన ఉన్న నల్లగింజను సాధారణంగా కలోంజీగా గుర్తిస్తారు. తెలుగులో దాన్ని నల్లజీలకర్ర అంటారు. బిర్యానీలో వేసే షాజీరాను కూడా కొందరు అదే పేరుతో పిలుస్తారు. దాంతో ఒకటి అడిగితే మరొకటి ఇంటికి రావచ్చు. పేరు కలిసినా పూత కలవదు. షాజీరాది గొడుగు పూత. కలోంజీ పువ్వు కొమ్మ చివర ఒంటరిగా పూస్తుంది, దాని కాయలో ఎన్నో గింజలుంటాయి. అది క్యారెట్ కుటుంబమే కాదు.

అంగడిలో పువ్వు కనిపించదు కదా అంటారేమో. గింజనే చూడండి. షాజీరా సన్నగా, వంపుగా, నిలువు గీతలతో గోధుమరంగులో ఉంటుంది. కలోంజీ నల్లగా, కోణాలతో ఉంటుంది. పేరు విని కాదు, పరిశీలించి తీసుకోవాలి. జబ్బు కోసం వాడదలచినవారు వైద్యుణ్ణి కూడా సంప్రదించాలి.

ఈసారి కుండీలో రెండు కొత్తిమీర మొక్కలను పీకకుండా వదలండి. అంచు పువ్వు ఏ రోజు విచ్చుకుందో, ధనియం ఏ రోజు కట్టిందో పిల్లల చేత రాయించండి. పుస్తకంలో చదివినది మరచిపోవచ్చు గాని, కళ్ళారా చూసినది వారికి గుర్తుండిపోతుంది.