షాస్తా క్రేఫిష్: జీవనము, నివాసము

క్రేఫిష్ అన్న పేరులో "ఫిష్" ఉన్నప్పటికీ ఇది చేప కాదు. రొయ్య, పీతల వలె పది కాళ్ళు కలిగి, క్రస్టేషియా వర్గానికి చెందిన మంచినీటి ప్రాణి. మన కృష్ణా గోదావరులలో రొయ్యలకు, పీతలకు కొదువ లేదు గాని, భారతదేశపు నదులలో క్రేఫిష్ సహజంగా లేదు. ప్రపంచంలోని 600కు పైగా జాతులలో సగానికి మించి ఉత్తర అమెరికాలోనే ఉన్నాయి. వాటిలో అత్యంత అరుదైన వాటిలో ఒకటి షాస్తా క్రేఫిష్.

కాలిఫోర్నియా ఉత్తర భాగాన, షాస్తా కౌంటీలో, పిట్ నదిలో కలిసే ఫాల్ నది, హ్యాట్ క్రీక్ పరిసరాలు తప్ప దీనికి భూమి మీద వేరొక చోటు లేదు. అక్కడి అగ్నిపర్వత ప్రాంతంలో కరిగిన మంచు లావా రాళ్ళలోకి ఇంకి, చల్లని ఊటలుగా పైకి వస్తుంది. ఆ తేటనీటి అడుగున ఉండే లావా రాళ్ళ సందులే దీని ఇల్లు. పగలు రాళ్ళ క్రింద దాగి, రాత్రి వేళ ఆహారానికై వెలుపలికి వస్తుంది. బురద పేరుకొని రాళ్ళ సందులు పూడిపోతే దానికి నిలువ నీడ ఉండదు.

దీని వీపు పెంకు 1 నుండి 2 అంగుళాల పొడవు ఉంటుంది. పెంకు సాగదు కనుక, పాము కుబుసం విడిచినట్లు దానిని విడిచి కొత్తది తొడుక్కోవాలి. అందుకు ముందు పాత పెంకులోని కాల్షియమును కొంత తీసి, జీర్ణాశయంలో చిన్న రాళ్ళ వలె దాచుకొని, క్రొత్త పెంకు గట్టిపడేందుకు వాడుకుంటుంది. ఆడది శరదృతువులో గ్రుడ్లు పెట్టి, వసంతాంతంలో పిల్లలు వెలువడే వరకు తోక క్రింద మోస్తుంది.

1914లో వాల్టర్ ఫాక్సన్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి "ఫోర్టిస్" అని నామకరణం చేశాడు. లాటిన్‌లో ఆ మాటకు బలమైనది అని అర్థం. అయితే ఈ బలశాలి సంతతి విషయంలో నిదానపరురాలు. ఈడుకు రావడానికి ఐదేళ్ళు పడుతుంది; పెట్టే గ్రుడ్లు 10 నుండి 70 మాత్రమే. వాయవ్య రాష్ట్రాలకు చెందిన సిగ్నల్ క్రేఫిష్ రెండు మూడేళ్ళకే ఈడుకు వచ్చి, వందకు పైగా గ్రుడ్లు పెడుతుంది. పైగా దూకుడైనది. గాలం వేసేవారి ఎరగా వచ్చిందని భావించే ఈ అతిథి 1970లలో షాస్తా నీళ్ళలో చేరి, ఇంటివారిని రాళ్ళ క్రింది నుండి తరుముతున్నది. 1988లో అమెరికా ప్రభుత్వం షాస్తా క్రేఫిష్‌ను అంతరించిపోతున్న జాతిగా ప్రకటించి రక్షణ కల్పించింది.

ఈ భయం ఊహాజనితం కాదు. మన తెలుగు కుటుంబాలు వేలాదిగా నివసిస్తున్న శాన్ ఫ్రాన్సిస్కో పరిసరాల వాగులలో ఒకప్పుడు దీని దగ్గరి బంధువు సూటీ క్రేఫిష్ ఉండేది. పట్టణాల విస్తరణ, బయటి నుండి తెచ్చిన సిగ్నల్ క్రేఫిష్, రెండూ కలిసి దానిని లేకుండా చేశాయి.

ఇందులో మన ఇంటి పాత్ర కూడ ఉన్నది. అనేక పాఠశాలలలో సైన్సు పాఠం కోసం పిల్లల చేతికి సజీవమైన క్రేఫిష్‌ను ఇస్తారు. పాఠం ముగిసిన పిదప దానిని ప్రక్క వాగులో వదలితే ప్రాణదానం చేసినట్లు పిల్లలకు తోచవచ్చును. కాని ఒక ప్రాణిపై చూపిన ఆ దయ మరొక జాతికి మృత్యువు కాగలదు. దానిని ఉపాధ్యాయునికే తిరిగి అప్పగించాలనీ, చేపలు పట్టగా మిగిలిన ఎరను నీటిలో పారవేయరాదనీ పిల్లలకు నేర్పడం మన బాధ్యత.