నిర్వీర్యమైన విషము చర్మమునకు నిరపాయమా?

విశాఖ రేవులో దిగి, దామన్‌జోడిలోని నాల్కో అల్యూమినా కర్మాగారమునకు పోవు కాస్టిక్ సోడా ద్రావణమును మన విద్యార్థులు కొందరెరుగుదురు. ఆ క్షారముతోనే అమెరికావారు ఇండియానా రాష్ట్రపు న్యూపోర్టులో 2005 నుండి 2008 వరకు వి.ఎక్స్. అను నాడీవిషమును 1,200 టన్నులకు పైగా నిర్వీర్యము చేసిరి. చర్మముపై ఒక్క చుక్క పడినను ప్రాణము తీయగల విషమది. మిగిలిన దుర్గంధ ద్రవమును లారీలలో టెక్సాస్‌లోని పోర్ట్ ఆర్థర్‌కు పంపి దహించిరి. ఆ ప్రయాణమును కొందరు న్యాయస్థానములో ప్రశ్నించిరి.

మేము తెలుగు బోధించువారము గనుక మాట దగ్గరనే ఆగెదము. 'నిర్వీర్యము' అనగా శక్తి ఉడిగినదని అర్థము. హాని తొలగినదని కాదు. ఆ ద్రవములోని క్షారము చర్మమును కాల్చును. పైగా ఇ.ఏ. 2192 అను ఉపఫలము పుట్టును. అది చర్మము గుండా మెల్లగా ఇంకునే గాని, రక్తములో చేరినచో మూలవిషమునకు ఇంచుమించు సాటి.

కావున పరీక్షించువారు రెండు ప్రశ్నలకు జవాబు వెదకవలెను. ద్రవము చర్మమును కాల్చునా? చర్మమును దాటి దేహమును విషపూరితము చేయునా? మొదటిదానికి, 1944లో డ్రేజ్ ప్రకటించిన పద్ధతి ననుసరించి, కుందేలు వెండ్రుకలు తీసిన చర్మముపై అర మిల్లీలీటరు ఉంచి చూచెడివారు. నేటి నియమముల ప్రకారము పి.హెచ్. 11.5 లేక అంతకు మించినచో జంతువును హింసింపకయే దహించు పదార్థముగా ఎంచవచ్చును. ప్రయోగశాలలో పెంచిన మానవ చర్మపు పొరలును వచ్చినవి. రెండవదానికి 24 గంటల స్పర్శ, 14 దినముల పరిశీలన అవసరము.

చిక్కు ఇచటనే ఉన్నది. కాలిన చర్మము విషమును ఆపలేదు. క్షారమును తగ్గించి పరీక్షించినచో, ఆ ఫలితము లారీలోని ద్రవమునకు చెందదు. ఏ ద్రవమును పరీక్షించిరో అడుగకుండ 'సురక్షితము' అను మాటను అంగీకరింపరాదని మా అభిప్రాయము.

ఎవరి చర్మముపై అనునదియు అడుగవలసినదే. రెండవ ప్రపంచ యుద్ధమునకు ముందు, యుద్ధకాలమున, రావల్పిండిలో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు భారతీయ సైనికులపై మస్టర్డ్ వాయువును ప్రయోగించి చూచిరి. మన చర్మమునకు హాని హెచ్చా, తెల్లవారి చర్మమునకు హెచ్చా అని. ఈ సంగతి 2007లో పత్రికల కెక్కినది. స్వతంత్ర భారతము 1997లో ప్రకటించిన తన మస్టర్డ్ నిల్వను 2009 నాటికి పూర్తిగా ధ్వంసము చేసినది.

రేవులోనైనను ప్రయోగశాలలోనైనను క్షారము మీద పడినచో తడిసిన బట్టలు వెంటనే విప్పి, కనీసము 15 నిమిషములు నీటిధార క్రింద కడుగవలెను. ఆమ్లము పోసి సరిచేయబూనరాదు.