ఉన్నత పాఠశాలలో వ్యాపార విద్య : అనుకరణ క్రీడల ప్రయోజనము

గట్టుమీద నిలిచి ఈత నేర్చినవాడు లేడు. వ్యాపారమును గూర్చియు ఇదే మాట చెప్పవచ్చును. పుస్తకములోని లాభనష్టముల లెక్కను సాధించుట వేరు. సొంత సొమ్ముతో సరుకు కొని, అది అమ్ముడుపోవునో పోదో తెలియక ఎదురుచూచుట వేరు. మొదటిది పరీక్షలో మార్కులను తెచ్చును. రెండవది వివేకమును ఇచ్చును. కాని ఆ వివేకమునకు చెల్లింపవలసిన మూల్యము ఒక్కొక్కప్పుడు ఎకరము భూమి కావచ్చును. అంతటి మూల్యము చెల్లింపకయే ఆ వివేకమును కొంతవరకైనను బాలబాలికలకు అలవరచుటకు వీలున్నదా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మన ప్రాంతమునకు ఈ ప్రశ్న ఏల?

ఝరాసంగమనగానే కేతకీ సంగమేశ్వర క్షేత్రము మనస్సునకు తట్టును. కాని ఆ క్షేత్రము చుట్టునున్న పొలములలో ప్రతి సంవత్సరము పెద్ద వ్యాపార నిర్ణయములు జరుగుచునే యుండును. చెఱకు వేయుటయా, అల్లము వేయుటయా, కంది చాలునా? అల్లపు ధర ఒక ఏడు ఆకాశమునంటి మరుసటి ఏడు నేలకు దిగుట మన రైతులకు క్రొత్త కాదు. దీనికి తోడు జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలమైన ‘నిమ్జ్’ కొరకు న్యాల్‌కల్, ఝరాసంగం మండలములలో సుమారు 12,600 ఎకరముల భూసేకరణ తలపెట్టబడినది. తరతరములుగా భూమిని నమ్ముకొన్న కుటుంబము చేతికి పరిహారపు సొమ్ము ఒక్కసారిగా వచ్చినచో దానిని ఏమి చేయవలెను? ఇంట చదువుకొన్నవాడు పదవ తరగతి బాలుడొక్కడే అయినచో, కాగితములు చదివి చెప్పవలసినవాడును అతడే. అట్టి బాలునికి వాణిజ్యజ్ఞానము అలంకారము కాదు, అవసరము.

అనుకరణ క్రీడ అనగా నేమి?

సిమ్యులేషన్ అనబడు ఈ పద్ధతిలో విద్యార్థులు జట్లుగా ఏర్పడి, ఒక్కొక్క జట్టు ఒక్కొక్క కల్పిత కంపెనీని నడుపును. ప్రతి విడతలోను వస్తువు ధర ఎంత, ఎన్ని తయారు చేయవలెను, ప్రచారమునకెంత, పరిశోధనకెంత అను నిర్ణయములు చేయవలెను. అన్ని జట్ల నిర్ణయములను కంప్యూటరు సరిపోల్చి, ఎవరి సరుకు ఎంత అమ్ముడుపోయినదో లెక్కగట్టి ఫలితములను తెలుపును. ఆ ఫలితములపై మరల క్రొత్త నిర్ణయములు చేయవలెను. అంతర్జాలము వచ్చిన పిదప వేరువేరు ఊళ్ళ విద్యార్థులును ఒకే పోటీలో పాల్గొనగలుగుచున్నారు. 1919లో అమెరికాలో స్థాపింపబడిన జూనియర్ అచీవ్‌మెంట్ సంస్థ ఉన్నత పాఠశాల విద్యార్థులకై నిర్వహించిన ‘టైటన్’ అను క్రీడ ఇట్టిదే.

ఈ పద్ధతి కంప్యూటరుతో పుట్టినది కాదు. 1932లోనే లెనిన్‌గ్రాడులో మేరీ బిర్ష్‌టైన్ అను విదుషి టైప్‌రైటర్ల కర్మాగారపు పనిని క్రీడగా మలచి అచటి యాజమాన్యమునకు శిక్షణ నిచ్చినది. 1950ల చివర అమెరికన్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్ కంప్యూటరు సాయముతో వ్యాపార క్రీడను రూపొందించిన పిదప విశ్వవిద్యాలయములు దీనిని చేపట్టినవి.

కాకినాడ ప్రయోగము

ఆటద్వారా వ్యాపారబుద్ధిని పెంపొందింపజూచిన ప్రయత్నములలో ప్రసిద్ధమైనదొకటి తెలుగునాటనే జరిగినదని ఎందరకో తెలియదు. హార్వర్డు విశ్వవిద్యాలయపు మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్ 1964లో కాకినాడకు చెందిన 52 మంది వ్యాపారులకు హైదరాబాదు యూసుఫ్‌గూడలోని సియెట్ సంస్థయందు శిక్షణ ఏర్పాటు చేసినాడు. ఆ సంస్థయే నేటి ‘ని-ఎంఎస్ఎంఈ’. ఆ శిక్షణ క్రీడలతో కూడినది. మెక్లెలాండ్ పరిశోధనలలో పేరొందిన ఒక ఆటలో మేకునకు ఉంగరములను విసరవలెను. ఎంత దూరము నుండి విసరవలెనో ఆటగాడే నిర్ణయించుకొనును. మరీ దగ్గర నిలిచినచో గెలుపు సులభము, విలువ స్వల్పము. మరీ దూరము నిలిచినచో గెలుపు కేవలము అదృష్టాధీనము. తన శక్తిని తాను ఎరిగి మధ్యదూరమును ఎన్నుకొనువాడే సాధకుడని ఆయన సిద్ధాంతము.

శిక్షణ పొందినవారు పొందనివారికంటె క్రొత్త ప్రయత్నములలో చురుకుగా నుండిరని 1969లో వెలువడిన గ్రంథములో మెక్లెలాండ్, డేవిడ్ వింటర్‌లు ప్రకటించిరి. ఉపాధ్యాయులు గమనింపవలసిన అంశము మరియొకటి కలదు. తమ వ్యాపారములో నిర్ణయాధికారము గలవారియందే ఆ ఫలితము అధికముగా కానవచ్చినది. అనగా నిర్ణయించు అధికారము లేనివానికి ఎంత బోధించినను ప్రయోజనము స్వల్పము. మన తరగతిగదిలో విద్యార్థికి ఏ నిర్ణయాధికారము కలదు? ఏ పాఠము, ఏ ప్రశ్న, ఏ జవాబు అన్నియు ముందే నిర్ణయింపబడినవి. అనుకరణ క్రీడ అతనికి ఆ అధికారమును, దానితోపాటు దాని పర్యవసానమును ఇచ్చును. ఈ పద్ధతి యొక్క ముఖ్యప్రయోజనము ఇదియే.

ఆట నేర్పు రెండు పాఠములు

మొదటిది లాభమునకును నగదునకును గల భేదము. ఒక జట్టు 10,000 రూపాయల మూలధనముతో గుడ్డసంచుల దుకాణము పెట్టినదనుకొందము. సంచి యొక్కటికి 80 రూపాయల చొప్పున 100 సంచులకు 8,000 ఖర్చు పెట్టినది. అద్దె 1,500. సంచి 110 చొప్పున 80 సంచులు అమ్మినది, అమ్మకము 8,800. అమ్మిన సంచుల ఖరీదు 6,400, అద్దె 1,500 పోగా లాభము 900 రూపాయలు. జట్టు సంతోషించును. కాని అమ్మకములో సగము ఉద్దెర. వచ్చిన నగదు 4,400 మాత్రమే. చేతిలో మిగిలినది 4,900. రెండవ విడతకు సరుకునకు, అద్దెకు కలిపి కావలసినది 9,500. లాభము వచ్చియు దుకాణము ఆగిపోవు స్థితి! దీనిని ఉపన్యాసముగా చెప్పినచో విద్యార్థి వ్రాసికొనును. ఆటలో అనుభవించినచో మరువడు.

రెండవది సమాచారలోపము వలన కలుగు అనర్థము. అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1960ల ప్రారంభమున జే ఫారెస్టర్ భావములనుండి పుట్టిన క్రీడ యొకటి కలదు. అందు చిల్లర వర్తకుడు, టోకు వర్తకుడు, పంపిణీదారు, కర్మాగారము అను నాలుగు పాత్రలుండును. మూలక్రీడలో సరుకు బీరు. మన తరగతిలో బెల్లమనుకొందము. కొనుగోలుదారుల గిరాకీ వారమునకు 4 పెట్టెలనుండి 8కి ఒక్కసారి పెరిగి అక్కడనే నిలిచిపోవును. అయినను సరుకు చేరుటకు ఆలస్యమగుట వలన ప్రతివాడును కంగారుపడి అవసరమునకు మించి ఆర్డరు పెట్టును. ఆ హెచ్చుతగ్గులు కర్మాగారమునకు చేరుసరికి మిక్కిలి పెద్దవగును. మోసము చేసినవాడెవ్వడును లేకున్నను అందరును నష్టపోవుదురు. అల్లపు ధర పెరిగిన ఏడు అందరును అల్లమే వేయుట చూచిన మన విద్యార్థికి ఈ ఆట పరాయిది కాదు.

జాగ్రత్తలు

అయితే ఈ పోటీలను కన్నులు మూసికొని స్వీకరింపరాదు. ఆటలో దేనికి మార్కులుండునో విద్యార్థి దానినే విలువగా గ్రహించును. లాభమునకే మార్కులైనచో కూలివాని వేతనము తగ్గించుటయే తెలివియని నేర్చుకొనును. పస్తాపూరు కేంద్రముగా 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘములు 1990లలో బీడుభూముల సాగునకు అప్పులిచ్చి, వాటిని జొన్నల రూపమున రాబట్టి, ఆ ధాన్యమును గ్రామములోని పేదలకు చౌకగా అమ్మినవి. అదియు లెక్కలతో నడచిన వ్యవహారమే. ఇట్టి ఉదాహరణమును కూడ క్రీడగా మలచి, ‘ఎవరి ఇంట పొయ్యి ఆరకుండెను’ అను దానికిని మార్కులు వేయవలెను.

మరియొక అడ్డంకి భాష. అంతర్జాల పోటీలు అధికభాగము ఆంగ్లమున నడచును. ఉర్దూ, తెలుగు మాధ్యమముల విద్యార్థి లెక్క తెలిసియు మాట తెలియక వెనుకబడును. నిజమునకు వాణిజ్యమున మన రెండు భాషలును ఎన్నడో కలిసిపోయినవి. జమ, ఖర్చు, బాకీ, రసీదు, ఖాతా, దుకాణము అను మాటలు ఉభయులకును సొంతమే. కావున ఉర్దూ విద్యార్థులను, తెలుగు విద్యార్థులను ఒకే జట్టులో చేర్చి, ఆ మాటలతోనే ఆటను నడుపవచ్చును. కంప్యూటరు లేనిచోట ఒక నల్లబల్ల, కొన్ని కాగితపు చీటీలు, లెక్కగట్టు ఉపాధ్యాయుడొకడు చాలును. అంతర్జాల పోటీకి పోవుటకు ముందు ఇట్టి నాలుగు విడతల ఆట ఆడించుట మేలు. ప్రతి విడత పిదప ‘ఏల ఓడితిమి?’ అను చర్చ తప్పక జరుగవలెను. చర్చ లేని ఆట వినోదము మాత్రమే.

ఉపసంహారము

ధనికుని బిడ్డ ఒకసారి నష్టపోయినను తండ్రి ఆస్తి అతనిని మరల నిలబెట్టును. పేదవాని బిడ్డకు మొదటి నష్టమే కడపటి అవకాశము కావచ్చును. కావున ఓడిపోవుటకు చోటు ఎక్కువగా కావలసినది పేద విద్యార్థికే. ఆ చోటును పాఠశాల కల్పింపవలెను. మన కళాశాల వాణిజ్య విద్యార్థినీ విద్యార్థులు సంవత్సరమునకు ఒక్క దినము ఝరాసంగము వంటి గ్రామముల ఉన్నత పాఠశాలలకు వెళ్ళి ఈ ఆటను ఆడించినచో, తాము నేర్చినదియు స్థిరపడును, నేర్పినదియు ఫలించును. కాగితపు రూపాయలు పోగొట్టుకొని పాఠము నేర్చిన చేయి, రేపు కష్టార్జితమును ఖర్చు పెట్టుటకు ముందు ఒక్క క్షణము ఆగి ఆలోచించును. ఆ ఒక్క క్షణమే ఈ విద్యకు ఫలము.